సైకిల్ తొక్కలేని మనిషికి ఇద్దరు సాక్షులు

మార్చి 3, సోమవారం

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో 'యు' అక్షరం నా నెత్తిన పడింది. ఇన్నాళ్ళూ దాన్ని చూస్తున్నాయన కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టాడు. ఆయన ఆపిన చోట నేను మొదలుపెట్టాలి. ఆయన ఆపింది 'అనేబుల్' దగ్గర.

అర్థం రాయడం అరనిమిషం పని. చేయలేని, చేతకాని, వల్లకాని. రాసేశాను. మూడు ఉదాహరణలు కూడా అరనిమిషంలో రాసేసేవాణ్ణే, మా సంపాదకుడు పెద్దాయన పెట్టిన నియమం లేకపోతే. నిఘంటువులో అబద్ధం ఉండకూడదట. ప్రతి ఉదాహరణా నిజంగా జరిగిందై ఉండాలి. పసుపుపచ్చ కార్డు కింద ఇద్దరు సాక్షులు, కళ్ళారా చూసినవాళ్ళు, సంతకాలు పెట్టాలి. 'టైగర్' అనే పదం కోసం 'టి' చూసే ఆయన పెళ్ళాంపిల్లలతో జంతుప్రదర్శనశాలకి పోయి సంతకాలు చేయించుకొచ్చాడు. ప్రపంచంలో ఎక్కడా ఇలాంటి ఆఫీసు ఉండదు. ఉంటే అక్కడికి మాత్రం ఉద్యోగానికి వెళ్ళను.

పదిహేడో తేదీ పొద్దున్నకల్లా మూడు కార్డులూ పెద్దాయన బల్ల మీద ఉండాలి.

అసలు చిక్కేమిటంటే నాకు చేతకానివి పెద్దగా లేవు. వేరేవాళ్ళలో వెతుక్కోవాలి.

ఇంటికి రాగానే చిన్నది గుమ్మంలోనే కాళ్ళకి చుట్టుకుంది.

"నాన్నా, నీ పేరు ఇచ్చేశా!"

"దేనికి?"

"ఆటల పోటీలకి! పదిహేనో తారీఖు. తండ్రుల సైకిల్ పందెం. టీచర్ నీ పేరే ఫస్టు రాసుకున్నారు. మా నాన్న ఛాంపియన్ అని చెప్పా. కప్పు కూడా ఉందని చెప్పా."

"అలాగేనమ్మా," అన్నాను.

సైకిల్ తొక్కి చాలాకాలమైంది. కొంచెం అలవాటు తప్పి ఉంటుంది, అంతే.

మార్చి 4, మంగళవారం

మూడు కార్డులు ఇచ్చాను, మూడూ వెనక్కి వచ్చాయి.

మొదటిది: 'మంత్రిగారు సభకు రాలేకపోయారు.' పెద్దాయన కళ్ళజోడు మీదుగా చూశారు.

"రాలేకపోయారో, రాబుద్ధి కాలేదో నువ్వు చూశావుటయ్యా?"

రెండోది: 'మా పిల్లి తలుపు తీయలేదు.' దానికి మా అత్తగారూ నేనూ సాక్షి సంతకాలు పెట్టాం. అయినా ఒప్పుకోలేదు. పిల్లికి తలుపు తీయాలని ఉందో లేదో మాకెలా తెలుసని అడిగారు. నిజమే, అది ఎప్పుడూ తలుపు దగ్గర పడుకునే ఉంటుంది, పెద్ద ఉత్సాహం చూపించదు.

మూడోది: 'ఏనుగు ఎగరలేదు.'

"ఇది అనేబుల్ కాదయ్యా. ఏనుగు ఏనాడైనా ఎగరాలని ప్రయత్నించిందా? ఎగరలేకపోతున్నానని కుమిలిపోయిందా? ఈ మాటకి మనిషి కావాలి. చేయాలని ఉండాలి, చేయబోవాలి, చేతకాకపోవాలి. అలాంటివాణ్ణి పట్టుకురా."

అలాంటివాణ్ణి ఎక్కడని పట్టుకురాను?

మార్చి 5, బుధవారం

మధ్యాహ్నం భోజనాల వేళ ఆఫీసు కింద ఉన్న సైకిల్ షాపుకి వెళ్ళాను. ఊరికే. పందెం ఎలాగూ ఉంది కదా, ఒకసారి కాళ్ళు సాగదీద్దామని. మేస్త్రీ మంచివాడు, నోరు మాత్రం మంచిది కాదు. షాపు వెనక సందులోకి ఒక పాత సైకిల్ తీసుకొచ్చాడు. సందు నిండా పాత టైర్లు, ఒక చివర గోడ.

"అలవాటు తప్పింది," అన్నాను.

"పర్లేదు సార్, ఒకసారి వస్తే మళ్ళీ మర్చిపోయేది కాదు."

ఎక్కాను. కాసేపయ్యాక మేస్త్రీ గొంతు కొంచెం బిగుసుకుపోయి వినిపించింది.

"సార్, పట్టుకోవాల్సింది హ్యాండిల్. నా మెడ వదలండి."

సైకిల్ సీటు చాలా ఎత్తుగా ఉంది. అదే కారణం.

మార్చి 6, గురువారం

సీటు దించాం. కారణం అది కాదని తేలింది.

సాయంత్రం మా ఆవిడ నా మోచేయి పట్టుకుని వెలుతుర్లోకి తిప్పింది.

"ఇదేంటండీ?"

"ఆఫీసు మెట్ల మీద జారాను."

"మెట్లకి గ్రీజు ఎందుకు పూస్తున్నారు మీవాళ్ళు?"

మా ఆవిడ ఇంకేమీ అడగకుండా దూది తెచ్చి తుడిచింది. ఆవిడ అడక్కుండా ఊరుకుంటే నాకు భయం.

మార్చి 7, శుక్రవారం

ఏడు గజాలు తొక్కాను. మేస్త్రీ వెనక పట్టుకున్నాడు నిజమే, కానీ అంత గట్టిగా కాదు.

మార్చి 9, ఆదివారం

చిన్నది నలుగురు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. కప్పు చూపించడానికి. హాల్లో అలమారు పై అరలో ఉంటుంది కప్పు. స్టూలు వేసుకుని ఎక్కి, గౌను అంచుతో తుడిచి, "తాకకూడదు, చూడ్డమే," అని చెబుతోంది వాళ్ళకి. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పేపరు తలకిందులుగా ఉందని వాళ్ళలో ఒకమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు.

కప్పు మీద రాసి ఉన్న వైపు గోడకేసే ఉంచింది, అక్షరాల్లో దుమ్ము పేరుకుంటుంది తిప్పకూడదని నేను ఎప్పుడో చెప్పాను.

మార్చి 10, సోమవారం

ఒక ఉదాహరణ దొరికింది! 'ఎస్' అక్క పుణ్యం. పదకొండేళ్ళుగా ఆవిడ 'ఎస్' అక్షరంలోనే ఉన్నారు. ఆ అక్షరం కింద ఉన్నన్ని మాటలు ఇంకే అక్షరం కిందా లేవట. ఆవిడ చేరినప్పుడు నల్లగా ఉన్న జుట్టు ఇప్పుడు తెల్లబడింది, ఇంకా 'ఎస్‌టి' దగ్గరే ఉన్నారు.

"నా పేరు రాసుకో తమ్ముడూ. బయటపడాలని ఉంది, రోజూ బయటపడబోతున్నా, నా వల్ల కావట్లేదు," అన్నారు.

ఆఫీసు మొత్తం సాక్షి సంతకాలకి ఎగబడింది. పెద్దాయన కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు.

ఆ ఊపులో రెండోది కూడా అక్కే చెప్పారు, గొంతు తగ్గించి. 'మా పెద్దాయన ఎంత మంచి పనికైనా బాగుంది అనలేరు.' ఇద్దరం సంతకాలు పెట్టి, ఆయన లేనప్పుడు బల్ల మీద పెట్టి పారిపోయి వచ్చాం. గంట తర్వాత కార్డు తిరిగొచ్చింది. కింద ఆయన చేత్తో రాసి ఉంది: 'నిజమే. చాలాసార్లు అందామనుకున్నాను. నోరు రాదు. స్వీకరించడమైనది.'

అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం. పాపం అనిపించింది.

ఇంకొక్కటి కావాలి.

మార్చి 11, మంగళవారం

మోకాలు నొప్పి అని చెబితే ఎలా ఉంటుందని ఆలోచించి, పొద్దున్న లేచింది మొదలు కుంటుతూ నడిచాను. చిన్నది బడి నుంచి రాగానే మందు రాసి, కట్టు కట్టి, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ తరగతి మొత్తం కలిసి జెండా కుడుతున్నారట, నా కోసం. దాని మీద నా బొమ్మ ఉందట. మీసాలు మాత్రం ఎక్కువ వచ్చాయట.

మార్చి 12, బుధవారం

కుంటడం మానేశాను. ఏ కాలో మర్చిపోతున్నాను.

మార్చి 13, గురువారం

సరే, రాసేస్తున్నాను. ఇది నా డైరీ, దీనికి తాళం ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది.

నాకు సైకిల్ రాదు. అలవాటు తప్పడం కాదు, అలవాటే లేదు. చిన్నప్పుడు నేర్పేవాళ్ళు లేరు, పెద్దయ్యాక అడగడానికి సిగ్గేసింది. చిన్నది నాలుగేళ్ళప్పుడు కప్పు చూపించి, 'ఇది దేనికిచ్చారు నాన్నా?' అంటే, అప్పుడే కిటికీలోంచి ఒక సైకిల్ వెళ్తూ కనబడింది. అదే చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. వర్షంలో గెలిచానన్నాను. ఒక చేత్తో గెలిచానన్నాను. ఐదేళ్ళుగా కోతలు కోస్తూనే ఉన్నాను.

ఎందుకు కోశానో కూడా రాస్తాను. వాళ్ళ తరగతిలో ఒకమ్మాయి తండ్రి మంటలార్పే ఇంజను నడుపుతాడు. ఇంకొకమ్మాయి తండ్రి వంతెనలు కడతాడు. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చిన్న కార్డుల మీద చిన్న అక్షరాలు రాస్తాను. దాన్ని జెండా మీద ఏమని కుట్టుకుంటుంది పిల్ల? అది నన్ను తలెత్తి చూసే చూపుంది చూడు, ఆ చూపు పోతే నేను బతకలేను. ఇది ఉదాహరణగా పనికొస్తుందేమో గానీ సాక్షులు దొరకరు.

మధ్యాహ్నం ఎనిమిదోసారి టైర్ల మీద పడ్డాక, అక్కడే కూర్చుని జేబులోంచి కార్డు తీసి రాశాను: 'ఈయన సైకిల్ తొక్కలేడు.' చేయాలని ఉంది, చేయబోయాను, చేతకాలేదు. పెద్దాయన అడిగిన మనిషి నేనే. కనీసం నిఘంటువైనా పూర్తవుతుంది కదా అనుకుని మేస్త్రీకి ఇచ్చాను, సంతకం పెట్టమని.

మేస్త్రీ చదివి, చేతులు గుడ్డతో తుడుచుకుని కార్డు తిరిగిచ్చేశాడు.

"నేను పెట్టను సార్. ఇరవయ్యేళ్ళుగా ఈ సందులో నేర్పుతున్నా. నేను నేర్పినా రాలేదని నా చేత్తో నేనే రాసిస్తే, పుస్తకంలో పడితే, రేపు నా షాపుకి ఎవడొస్తాడు?"

మిగిలింది ఇల్లు. మా అత్తగారైతే మేలనిపించింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో ఆవిడకి ఎప్పుడూ గుర్తుండదు. ఏ కాగితం ఇచ్చినా 'ఎక్కడ పెట్టమంటారు బాబూ?' అని చదవకుండా సంతకం పెట్టేస్తారు. సాయంత్రం ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంటే కార్డు, పెన్ను చేతికిచ్చాను.

"ఆఫీసు కాగితం అత్తయ్యగారూ. ఇక్కడ."

ఆవిడ జాకెట్లోంచి కళ్ళజోడు తీశారు! మేము కలిసి ఉంటున్న ఈ పన్నెండేళ్ళలో ఆవిడ కళ్ళజోడు మొదటిసారికే దొరకడం చూడలేదు. నెమ్మదిగా, వీధి చివరికి వినబడేలా చదివారు.

"ఈయన సైకిల్ తొక్కలేడు. ఎవరు బాబూ, మీరేనా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఇది నాకు పెళ్ళికి ముందు నుంచే తెలుసుగా," అని అత్తగారు శుభ్రంగా సంతకం పెట్టారు. "అమ్మాయిని చూడ్డానికి ప్రతి ఆదివారం సైకిల్ తోసుకుంటూ వచ్చేవారు. ఎందుకు తోస్తున్నారని మీ మావగారు అడిగితే పంక్చరనేవారు. ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది పంక్చర్లు. ఒకసారి వెళ్ళేటప్పుడు వీధి మలుపులో ఎవరూ చూడట్లేదనుకుని ఎక్కారు. మేడ మీద బట్టలారేస్తున్నా. ఇసకకుప్పలో పడ్డారు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

"ఎందుకు చెప్పాలి? మూడు మైళ్ళు సైకిల్ని తోసుకుంటూ వచ్చేవాడు మా అమ్మాయినేం వదిలేస్తాడులే అనుకున్నా."

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నవ్వీ నవ్వీ నిలబడలేక కింద కూర్చుంది. కళ్ళు తుడుచుకుని కార్డు తీసుకుని చూసింది. రెండో సాక్షి గీత ఖాళీగా ఉంది.

"నువ్వు పెట్టేయవే," అన్నాను.

"నేను పెట్టను. మీరు పడటం నేను చూడలేదు, నాకు పంక్చర్లే చెప్పారు." నవ్వు ఆపేసింది. "ఈ సంతకం ఎవరు పెట్టాలో మీకు తెలుసు. చిన్నదానికి మీరే చెప్పండి. రేపే చెప్పండి. ఎల్లుండి మైదానంలో తెలిస్తే అది తట్టుకోలేదు."

మార్చి 14, శుక్రవారం

చెప్పాను.

ఇంతకన్నా రాయబుద్ధి కావట్లేదు గానీ రాస్తాను. చిన్నదాన్ని హాల్లో కూర్చోబెట్టి, అలమారు మీంచి కప్పు దించి, తిప్పి చేతిలో పెట్టాను. అరిగిపోయిన అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"అందమైన చేతిరాత. ద్వితీయ బహుమతి." తలెత్తింది. "రెండోదా?"

సైకిల్ గురించి చెప్పేలోపే ఆ రెండో బహుమతి దగ్గరే దాని మొహం వాడిపోయింది. తర్వాత మిగతాది చెప్పాను. వర్షం అబద్ధమని, ఒక చెయ్యి అబద్ధమని, రెండు చేతులతో కూడా రాదని. అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. లోపల జెండా ఉంది, దాని మీద నేను ఉన్నాను, మీసాలతో.

నా తలప్రాణం తోకకొచ్చింది. మా అత్తగారు, మా ఆవిడ, నేను, పిల్లి, నలుగురం ఆ తలుపు బయటే కూర్చున్నాం. పిల్లి కూడా ఇవాళ తలుపు తీయాలని నిజంగా ప్రయత్నించింది. పెద్దాయన చూస్తే ఒప్పుకునేవారు.

సాయంత్రం అయ్యాక తలుపు తెరుచుకుంది.

"ఆ కార్డు ఇవ్వు," అంది.

ఇచ్చాను. అంతా చదివింది, వాళ్ళ అమ్మమ్మ సంతకం చూసింది. పెన్ను అందించబోతే వెనక్కి తోసింది.

"నేను చూడలేదు కదా. చూడకుండా పెట్టకూడదు కదా, మీ ఆఫీసులో."

"పెట్టకూడదమ్మా."

"అయితే రేపు పందేనికి రా. చూసి పెడతా."

"అందరూ నవ్వుతారే."

"నువ్వు నాతో ఐదేళ్ళు అబద్ధం ఆడావు," అంది. వస్తానన్నాను.

మార్చి 15, శనివారం

తొమ్మిది మంది తండ్రులం సున్నం గీత మీద నిలబడ్డాం. అవతలి చివర తాడు కట్టారు, రెండొందల గజాలు. మంటలార్పే ఆయన నా పక్కనే. మేస్త్రీ తన షాపులో ఉన్నవాటిలో మంచి సైకిల్ తెచ్చి ఇచ్చి, "నేను నేర్పానని మాత్రం ఎవరికీ చెప్పకండి సార్," అని వెళ్ళి జనంలో దాక్కున్నాడు. జెండా వచ్చింది. మీసాలు నిజంగానే ఎక్కువయ్యాయి.

ఈల వేశారు. ఎనిమిది మంది వెళ్ళిపోయారు. నేను ఎక్కాను, మూడు గజాల్లో పడ్డాను.

మైకులో పి.టి. మాస్టారు, "ఛాంపియన్‌గారు మనల్ని ఆట పట్టిస్తున్నారు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. రెండోసారి ఎక్కాను. ఈసారి పక్కకి వెళ్ళి, గుండు విసిరే పోటీ జరుగుతున్న చోట పడ్డాను. వాళ్ళు పోటీ ఆపేశారు. మైకులో ఇంకేమీ వినబడలేదు. నవ్వులు మాత్రం వినబడ్డాయి, ముందు అక్కడక్కడా, తర్వాత అంతటా. చెవులు కాలిపోయాయి. చిన్నదాని వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

మూడోసారి ఎక్కాను, మేస్త్రీ దాక్కోవడం మర్చిపోయి జనంలోంచి "ముందుకి చూడండి సార్, చక్రాన్ని కాదు!" అని అరిచాడు. ముందుకి చూశాను. అప్పుడు సరిగ్గా పదకొండు గజాలు, ఎవరూ పట్టుకోకుండా, పదకొండు గజాలు వెళ్ళాను! తర్వాత పడ్డాను. నాలుగోసారి ఎక్కుతుంటే పెడల్ ఊడి వచ్చింది. అది నా తప్పు కాదు, మేస్త్రీ తప్పు. ఇది రాసిపెట్టుకోవాలి.

ఇక మిగిలిన దారి నాకు బాగా తెలిసిన పద్ధతిలో వెళ్ళాను. తోసుకుంటూ. మిగతా ఎనిమిది మంది గెలిచేసి, మంచినీళ్ళు తాగేసి, నా కోసం తాడు తీయకుండా నిలబడ్డారు. "పంక్చరా బాబూ?" అని అత్తగారు గట్టిగా అడిగారు. మా ఆవిడ చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

తాడు దగ్గర చిన్నది నిలబడి ఉంది, చేతిలో కార్డు.

"వంగు," అంది.

వంగాను. నా వీపు మీద కార్డు పెట్టి రాయడం మొదలుపెట్టింది. సంతకానికి అంతసేపు పట్టదు. ఏం రాస్తున్నావే అంటే, కదలొద్దంది. జనం చూస్తున్నారు, మోకాలు రక్తం, వీపు మీద పెన్ను. అది వెనకనుంచి ఒక చేత్తో నా మెడ పట్టుకుని ఉంది, నేను ఆరోజు మేస్త్రీ మెడ పట్టుకున్నట్టే, గట్టిగా.

కార్డు ఇచ్చింది. సంతకం కింద వంకరటింకర అక్షరాలతో ఇలా ఉంది: 'నేను చూశాను. తొక్కలేడు. నాలుగుసార్లు ఎక్కాడు.'

పడ్డాడని రాయలేదు. ఎక్కాడని రాసింది. మైదానం మధ్యలో నాకు ఏడుపొచ్చింది, సున్నం కళ్ళలో పడిందని చెప్పాను. చెప్పి, వెంటనే, "కాదే, ఏడుపే," అన్నాను.

మార్చి 16, ఆదివారం

పొద్దున్న చిన్నది కాపీ పుస్తకం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది, చేతిరాత నేర్పమని. రెండో బహుమతి వచ్చినవాడి దగ్గర నేర్చుకుని తను మొదటిది తెస్తుందట. సాయంత్రం మేస్త్రీ ఇచ్చిన సైకిల్ మీద నేర్చుకోవడం నా వంతు.

మార్చి 17, సోమవారం

కార్డు పెద్దాయన బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆయన చదివారు. సాక్షుల పేర్లు చదివారు. చిన్నది రాసింది మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. ఏదో అనబోయారు, రాలేదు. దగ్గారు. మళ్ళీ అనబోయారు. నేను వెళ్ళిపోబోతుంటే వెనకనుంచి వినబడింది.

"బాగుందయ్యా."

ఆఫీసులో పెన్నులన్నీ ఆగిపోయాయి. 'ఎస్' అక్క లేచి నిలబడ్డారు. ఆయన కూడా కొంచెం కంగారు పడ్డట్టే ఉన్నారు.

దాంతో రెండో ఉదాహరణ చెల్లకుండా పోయింది. మళ్ళీ వెతుక్కోవాలి. పెద్దాయన సాయంత్రం దాకా గడువిచ్చారు. పిల్లి సంగతి చెప్పి చూశాను. ఈసారి అది నిజంగానే తీయబోయిందని ఇంట్లో ముగ్గురం సంతకాలు పెట్టి ఇస్తే ఒప్పుకున్నారు.

మార్చి 18, మంగళవారం

కొత్త పదం వచ్చింది: 'అన్‌అకంపనీడ్'. అర్థం రాశాను: తోడు లేకుండా, ఒంటరిగా.

ఉదాహరణకి నన్ను నేనే రాసుకుందామని సాయంత్రం సైకిల్ తీసుకుని ఒక్కణ్ణే వీధిలోకి వెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే, చిన్నది క్యారియర్ పట్టుకుని పరిగెడుతోంది, దాని వెనక మా ఆవిడ దూది, మందు సీసాతో, ఆవిడ వెనక అత్తగారు, కళ్ళజోడు పెట్టుకుని మరీ. ఈ పదానికి నిజమైన ఉదాహరణ మా ఇంట్లో దొరికేలా లేదు.